మా ఇంటి మీద పొగ లేవని పొద్దు

మొన్న సుజాత వచ్చింది. మా చిన్నాయిన కొడుకు కూతురు, జగదల్‌పూర్‌లో నర్సుగా పనిచేస్తోంది. వచ్చీ రావడంతోనే నా వేలికి బట్టల క్లిప్పులాంటి మిషను తగిలించి, దాని మీద అంకె చూసి పెదవి విరిచి, నా ముక్కుకున్న గొట్టం సరిచేసి, అప్పుడు తీరిగ్గా "బాగున్నవా అత్తా?" అంది. బాగుంటే ఈ గొట్టమెందుకే అన్నాను. భద్రాచలంలో మా అబ్బాయి నాకిచ్చిన గదిలో ఆక్సిజన్ మిషను ఒకటి మూలన కూర్చుని రోజంతా గురకపెడుతూ ఉంటుంది. దాని గొట్టం కిటికీ దాకా వస్తుంది, తలుపు దాకా రాదు. పలుపు పొడుగున్నంత మేర తిరిగే గేదెలా నేను మంచానికీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంటాను. అందరూ కూర్చోమంటారు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఆయాసం వస్తుంది, ఆయాసం వస్తే మళ్లీ కూర్చోవాలి. ఎనభై దాటిన మనిషికి ఇదేం ఆట అని నా మీద నాకే విసుగు.

"మూతి సున్న చుట్టు అత్తా. ముక్కుతోని తీసుకో, నోటితోని మెల్లగ ఇడువు. దీపం ఊగాలె గని ఆరద్దు, అట్ల" అని సుజాత ఎదురుగా కూర్చుని చేసి చూపించింది. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు దగ్గులోకి దిగింది. ఆ పిల్ల కంగారుపడి వీపు నిమిరి, నేను తేరుకున్నాక సంచిలోంచి పాత చీరపేలికలో చుట్టినదేదో తీసి నా ఒళ్లో పెట్టింది. "మన పాతిల్లు ఇప్పి స్లాబు పోస్తున్నరు. ఎనక పాక చూరుల దొరికిందట. నాయిన నీకే ఇయ్యమన్నడు" అంది. విప్పి చూద్దును కదా, ఇనుప ఊదుగొట్టం. మూరెడు పొడుగు. పొయ్యి వైపు కొస కాలి కాలి గరుకెక్కింది. నోటి వైపు కొస మాత్రం నున్నగా, వెండి కడియంలా అరిగిపోయి ఉంది. ఏమీ ఆలోచించకుండా నోట్లో పెట్టుకుని ఊదాను, పొడుగ్గా, మెల్లగా. "అగో, గట్లనే! నేను చెప్పేది గదే. నీకెవలు నేర్పిండ్రు?" అంది సుజాత. మా నాయినమ్మ అన్నాను. సుజాత నాయినమ్మ కాదు, నా నాయినమ్మ. ఈ పిల్ల చూడని మనిషి.

అప్పుడు మేము బస్తర్ రాజ్యం కింద ఉండేవాళ్లం. మద్దేడు దాటి భోపాలపట్నం వైపు పోయే బండ్లబాట మీద మా ఊరు. రాజధాని జగదల్‌పూర్ అని వినడమే తప్ప వెళ్లినవాళ్లు ఊళ్లో ఒకరో ఇద్దరో. మాకు దగ్గరైన లోకమంతా గోదావరి అవతల నైజాం వైపే ఉండేది. చుట్టాలు అక్కడ, ఉప్పూ బట్టా అక్కడి నుంచే. ఇంట్లో తెలుగు, పక్కింటి దోర్లవాళ్లతో దోర్లి, అడవిలో గోండి, ఠాణా జవాను వస్తే హిందీ. ఏ మనిషితో ఏ మాట అని ఎవరూ నేర్పక్కర్లేదు, మనిషిని చూడగానే నోరే మారిపోయేది. మా ఇల్లు గడ్డి కప్పిన పెద్ద ఇల్లు. మా నాయిన, చిన్నాయిన, వాళ్ల భార్యాపిల్లలు, అందరి మీదా నాయినమ్మ. ఇంటి నడుమ వంటగది, ఆ గదిలో మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద వెదురు తడికల అటక. ఆ అటక మీద మా ఇంటి బతుకంతా ఉండేది. వచ్చే ఏటికి విత్తనాల జొన్న కంకులు, మక్క పొత్తులు, బూడిదలో పొర్లించిన అనపగింజలు, దోసగింజలు, ఎండు చేపలు, కొత్తగా అల్లిన గంపలు. పొగ తగిలితేనే విత్తనానికి పురుగు పట్టదు, గంపకు చెద పట్టదు, కప్పుకు ఆయుష్షు. అందుకే వంటగదికి కిటికీ లేదు, కప్పులో కంత లేదు. పొగ ఇంట్లోంచి వెళ్లిపోయే దారి వెతుక్కుంటూ గడ్డిలోంచే మెల్లమెల్లగా పైకి లేచేది. పొద్దున్నే దూరంనుంచి చూస్తే ఊళ్లో ఇళ్లన్నీ కలిసి చుట్ట తాగుతున్నట్టు ఉండేవి. మా బట్టలు, మా జుట్టు, మేము తాగే అంబలి, అన్నీ అదే వాసన. ఇప్పటికీ ఎక్కడన్నా కట్టెపొగ వాసన వస్తే నాకు ముందు ఆకలేస్తుంది, తర్వాత దగ్గొస్తుంది.

ఆ పొయ్యి నాయినమ్మది. వేరే ఇళ్లల్లో అత్తగార్లు తాళపుచెవులు బొడ్లో దోపుకుంటారు, మా ఇంట్లో తాళాలు లేవు గనక ఆమె ఊదుగొట్టం దోపుకునేది. కాపురానికి వచ్చిననాడు తన అత్త చేతినుంచి తీసుకున్న పొయ్యి అది, ఇంట్లో చావు జరిగిననాడు తప్ప అప్పటినుంచి నిప్పు ఆరనివ్వలేదట. పడుకునేముందు ఇప్పమొద్దు ఒకటి బూడిదలో కప్పెట్టడం, తెల్లవారకముందే లేచి బూడిద కదిపి, కణికె కనబడగానే ముఖం నేలకానించి ఊదడం. కోడళ్లు వండేవారు, ఊదడం మాత్రం ఆమే. వానాకాలం కట్టె పచ్చిగా ఉంటే పొయ్యికీ ఆమెకూ యుద్ధమే. ఆ యుద్ధంలో ఎన్నేళ్లు గడిచాయో, చివరికి పొయ్యే గెలిచింది. నాకు ఊహ తెలిసేటప్పటికే ఆమెకు దమ్ము. ముందు దగ్గు, తర్వాత మెట్టెక్కితే ఆయాసం, ఆ తర్వాత మాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం. నేను పెద్దమనిషినయ్యే నాటికి ఆమె మాటలు మూడేసి, నాలుగేసి ముక్కలయ్యాయి. "పోరీ... ఆ చెంబు... ఇటియ్యి" అనేది. అంత పొదుపులోనూ తిట్టడానికి మాత్రం ఊపిరి ఎక్కడినుంచో వచ్చేది.

ఆమెను చూసుకునే పని నాకు పడింది. అమ్మకూ చిన్నమ్మకూ పొలం పనీ వంటపనీ సరిపోయేది. ఇంట్లో పెళ్లికి ఎదిగిన పిల్లను నేనే. ఎవరూ నేర్పలేదు, చూసి చూసి పట్టుబడింది. పడుకోబెడితే ఆమెకు ఊపిరాడదు. అందుకని రోలు బోర్లించి, దాని మీద గొంగడి మడతపెట్టి ముందుంచితే, రెండు మోచేతులూ దాని మీద ఆనించి ముందుకు వంగి కూర్చునేది. అలా కూర్చుంటేనే ఆమెకు నిద్ర. కడుపు నిండా పెడితే ఆ నిండిన కడుపే ఊపిరిని తొక్కేసేది. అందుకని పొద్దుటినుంచి కొంచెం కొంచెంగా జొన్నజావ. పొద్దున్నే వేణ్నీళ్లు తాగించి, దోసిలి బోర్లించినట్టు అరచెయ్యి గుల్లచేసి వీపు మీద కిందినుంచి పైకి తట్టేదాన్ని, కఫం కదిలేదాకా. బూడిద పోసిన మట్టిపిడతలో ఉమ్మితే రంగు చూసి, పచ్చగా ఉంటే ఆ రోజు జ్వరం కోసం ఎదురుచూడాలని తెలుసుకునేదాన్ని. స్నానం కూర్చోబెట్టే, అదీ చెంబుకీ చెంబుకీ మధ్య ఊపిరి తీసుకోనిచ్చి. ఊపిరి బొత్తిగా అందనప్పుడు ఆమె బొడ్లోంచి ఊదుగొట్టం తీసి ఊరికే గాలిలోకి ఊదేది. మంటా లేదు, పొయ్యీ లేదు. పిచ్చా అనుకున్నాను మొదట. కానీ అలా నాలుగుసార్లు ఊదాక మెడ నరాలు సర్దుకునేవి, కళ్లల్లో భయం తగ్గేది. "ఏందే నాయినమ్మా అది?" అంటే, "ఏమో... అలవాటు... పానం... నిమ్మళమైతది" అనేది. అంతకంటే ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

ఇవన్నీ చెబుతుంటే నేనేదో ఓర్పుగల పిల్లననుకునేరు. కాదు. నాకు కుదురు లేదు, అప్పుడూ లేదు. ఆమె పక్కన కూర్చుంటే లేచి పారిపోవాలనిపించేది. ఆమె ఊపిరిలో ఆ ఈల, ఆ రొప్పు వింటుంటే నా రొమ్ము కూడా దానికి తాళం వేసేది, చూస్తూ చూస్తూ నేనూ రొప్పేదాన్ని. పారిపోయి బావి దగ్గరికి వెళితే, అక్కడ ఆ చప్పుడు వినబడక ఇంకా భయం వేసేది. బిందె సగం నింపుకుని పరుగున వచ్చేదాన్ని. గుమ్మంలోనే ఆగి వినేదాన్ని. ఈల వినబడితే విసుగు, వినబడకపోతే ప్రాణం పోయేది. "దీనికి కాళ్ల కింద... కణికెలున్నయి" అని ఆమె నవ్వేది. నవ్వితే మళ్లీ దగ్గు. నవ్వించినందుకు అమ్మ నన్ను తిట్టేది. ఆ ఇంట్లో నాయినమ్మను నవ్వించడం కూడా నేరమే.

ఆ ఏడు జొన్న పాలుపోసుకునే రోజుల్లో ఆమెను చేనికాడి గుడిసెకు తీసుకుపోయాం. చిలకలను అదిలించడానికి ఎవరో ఒకరు ఉండాలి, నేనుంటానంది. కూర్చుని డబ్బా కొట్టడానికి ఊపిరితో పనేముంది అని చిన్నాయిన బండి కట్టి దింపాడు, నేను తోడు. వంట ఇంటినుంచి వచ్చేది. అక్కడ నాలుగు వైపులా గాలి. రెండు మూడు రోజులకే ఆమె మాటల ముక్కలు పొడుగయ్యాయి. మా పక్కింటి, పక్కచేను దోర్ల ముత్తక్కతో చేను ఆ కొసనుంచి ఈ కొసకు కేకలేసి మాట్లాడింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి తల దువ్వి జడ వేసింది, మధ్యలో ఒక్కసారే ఆగి. కోత అయ్యాక ఇంటికొచ్చాం. వంటగదిలో తన పీట మీద కూర్చుని, పొయ్యి దగ్గరికి వంగి, ఊదుగొట్టం నోట్లో పెట్టుకుంది. వారం తిరక్కుండానే మళ్లీ రోలు, మళ్లీ గొంగడి.

అప్పుడే రియాసతు దవాఖాన, అంటే రాజుగారి ఆసుపత్రి, కంపౌండరు టీకాలు వేయడానికి మా ఊరు వచ్చాడు. సన్నటి మనిషి, తెలుగు అంతంతమాత్రం. మా నాయిన బతిమాలి ఇంటికి తీసుకొచ్చాడు. నాయినమ్మ వీపుకు గొట్టం ఆనించి విన్నాడు. తర్వాత పైకి చూశాడు, మసి వేలాడుతున్న అటకను చూశాడు, కళ్లు తుడుచుకున్నాడు. "ధువాఁ బంద్ కరో, పొగ బంద్. బుఢియాను పొగలో పెట్టినంక దవా ఏం పనిచేస్తది?" అన్నాడు. ఎర్రటి మందు ఒక సీసాలో పోసిచ్చి వెళ్లాడు. ఆ మందు అయిపోయింది గానీ ఆ మాట నా చెవిలోనే ఉండిపోయింది. చేనికాడి గాలి, ఇంట్లో పొగ, రెండూ నాకు ఒక్కసారిగా పక్కపక్కన కనబడ్డాయి. ఆమె పొగలో ఉంటే పోతుంది. పొగలోంచి బయటికి తేవాలి. ఇంత చిన్న మాట. దీనికి ఇంటిల్లిపాదీ ఎందుకు నీళ్లు నములుతున్నారో నాకు మొదట అర్థం కాలేదు.

చిన్నాయినే నోరు విప్పాడు. "పెరట్ల పాక ఉంది గద. ఆడ ఇంకో పొయ్యి ఏద్దాం. వంట ఆడ చేసుకుందం. లోపలి పొయ్యి ఇత్తనం మందం కొంచెం రాజేస్తే చాలు" అన్నాడు. తప్పేముంది ఆ మాటలో? కానీ మా ఇంట్లో అది వట్టి వంట మాట కాలేదు. చిన్నాయిన ఆ ఏడంతా మద్దేడు దగ్గర అడవి నరికి కొత్త భూమి చేసుకుంటానని అంటున్నాడు. అన్నదమ్ములిద్దరికీ ఎడ్ల దగ్గర, నీళ్ల దగ్గర మాటా మాటా వస్తోంది. ఇలాంటప్పుడు ఒక ఇంట్లో రెండు పొయ్యిలంటే ఊరికి వేరే అర్థం అక్కర్లేదు. మా వైపు ఇల్లు వేరుపడిందని ఎవరూ అనరు, పొయ్యి వేరైందంటారు. చూరు మీద రెండు చోట్ల పొగ లేస్తే అయిపోయినట్టే, సంబంధాలు చూసేవాళ్లు కూడా ముందు పొగలే లెక్కబెడతారు. నాయినమ్మ రోలు మీదినుంచి తలెత్తింది. "నేను బతికుండంగ... ఈ ఇంట్ల... రెండో పొయ్యి... ఏసినోడు... నా పాడె మొయ్యద్దు" అంది. అంత పొడుగు మాట ఆమె ఇంట్లో అని ఎన్నాళ్లయిందో. చిన్నాయిన ముఖం మాడిపోయింది. ఉన్న పొయ్యినే బయటికి మారుద్దామంటే, ఉన్న నిప్పు ఆర్పాలి, రాళ్లు కదపాలి. బతికున్న మనుషులున్న ఇంట్లో పొయ్యి ఎవరూ ఆర్పరు. చావు జరిగిననాడే ఆరుతుంది. మా నాయిన ఆ మాట ఎత్తడానికే భయపడ్డాడు.

చలి ముదిరింది. అందరూ ఆమెను ప్రేమించారు, అది ముందే చెప్పాలి. ప్రేమించారు గనకనే ఆమె రోలూ గొంగడీ తెచ్చి వెచ్చగా ఉంటుందని పొయ్యి పక్కనే పెట్టారు. అమ్మ కుంపట్లో సాంబ్రాణి వేసింది. చిన్నమ్మ వాము కాల్చి ఆ పొగ ముక్కుకు పట్టింది. ఎవరికి తోచిన పొగ వాళ్లు తెచ్చారు. నేను ఎవరినీ ఆపలేను, ఆగి చూడలేను. వాకిట్లోకీ వంటగదిలోకీ తిరిగి తిరిగి నా కాళ్లు పగిలాయి. ఒక పొద్దున, ఎండ వాకిట్లోకి వచ్చిన వేళ, ఆమె పెదాలు నేరేడుపండు రంగుకు తిరిగాయి. గోళ్లు కూడా అంతే. రోలు మీద వంగి ఊదుగొట్టం కోసం తడుముకుంటోంది, చేతికి అందడం లేదు. నేను ఆమె చంకల కింద చేతులు వేసి, ఎత్తి, ఈడ్చుకుని వాకిట్లోకి తెచ్చి గోడకు ఆనించి కూర్చున్నాను. ఆమె వీపు నా రొమ్ముకు ఆనింది. గొట్టం నోటికి అందించి, ఊదు, ఊదు అని చెవిలో చెబుతూ నేనూ ఊదాను. చాలాసేపటికి ఆ ఈల మళ్లీ మొదలైంది. నా జీవితంలో అంత తియ్యటి చప్పుడు ఇంకోటి వినలేదు.

ఇంట్లోవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. అప్పుడు నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. మీ పొయ్యి పాడుగాను అని మొదలుపెట్టాను. నాయినను అన్నాను, చిన్నాయినను అన్నాను, చివరికి ఆమెనే అన్నాను. "ఇల్లు ఒక్కటి ఉండాలె, ఇల్లు ఒక్కటి ఉండాలె అంటవు. ఆ ఇంట్ల నువ్వు ఉండద్దా? నువ్వు లేని ఇల్లు ఒక్కటుంటేంది, పదైతేంది నాకు?" ఆడపిల్ల అలా మాట్లాడటం మా ఇంట్లో లేదు. అమ్మ చెయ్యెత్తింది కొట్టడానికి. నాయినమ్మ వేలితో ఆపింది. ఆ రోజంతా వాకిట్లోనే కూర్చుని మా కప్పులోంచి లేచే పొగను చూస్తూ ఉంది.

సాయంత్రం అందరూ తిన్నాక నన్ను పట్టుకుని లోపలికి నడిచింది. గుమ్మం దగ్గర ఒకసారి, గాదె దగ్గర ఒకసారి ఆగింది. పొయ్యి ముందు కూర్చుని చెంబుతో నీళ్లు తెమ్మంది. ఏం చేయబోతోందో నాయినకు అర్థమై, "అమ్మా, వద్దే!" అని అడ్డం వచ్చాడు. ఆమె ముక్కలు ముక్కలుగా చెప్పిన మాట నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "నేను సచ్చిననాడు... ఆర్పుతరు గద. ఆ పని... నేనే చేసుకుంట. మనిషికి... ఒక్కపారే ఆర్పాలె. నాది ఇయ్యాల అయిపోతది. మల్ల నేను పోయిననాడు... ఎవ్వలు ఆర్పద్దు... ఇన్నరా?" అని, తలంటు పోసినట్టు మెల్లగా మూడు రాళ్ల నడుమ నీళ్లు పోసింది. బుస్సుమని లేచిన ఆవిరి గదంతా కమ్మింది. ఆమె అత్త అప్పగించిన పొయ్యి అది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మా నాయిన ఏడ్చాడు, గోడవైపు తిరిగి. రాళ్లు చల్లారేదాకా ఆగి, మొదటి రాయి తనే కదిపింది. మిగతా రెండూ అన్నదమ్ములిద్దరూ చెరొకటి ఎత్తి పెరట్లో పాకలోకి తీసుకుపోయారు. ఆ రాళ్లు మోసేటప్పుడు వాళ్లిద్దరూ ఒకరి అడుగు ఒకరు చూసుకుంటూ నడిచారు.

ఆర్పిన పొయ్యి ఒక పొద్దు చల్లగా ఉండాలని ఆమె పట్టుబట్టింది, చావుకు ఎంత మర్యాదో దీనికీ అంతే. ఇక మర్నాడు తెల్లారాక చూడాలి! ఊరంతా పొగలు లేచాయి, మా కప్పు మీద లేదు. ముందు చూసింది ముత్తక్క. నాయినమ్మ దమ్ము సంగతి ఊరందరికీ తెలుసు, ఇంకేం అనుమానం? ముత్తక్క గుండెలు బాదుకుంటూ బయల్దేరింది, ఆమె వెనక నలుగురు, వాళ్ల వెనక పదిమంది. చావింటికి పట్టుకెళ్లే పద్ధతిలో ఒకరు జొన్న గటక కుండ, ఒకరు పప్పు, ఒకరు నీళ్ల కడవ. "ఓ అక్కా, నన్నిడిసిపోతివా అక్కా! చేనుకాడ నాతోని మాట్లాడితివి గదనే అక్కా!" అని రాగం తీస్తూ వాకిట్లోకి వచ్చి పడింది ముత్తక్క. వాకిట్లో నాయినమ్మ రోలు మీద మోచేతులానించి ఎండకు కూర్చుని ఉంది. ఏడుపు మధ్యలో తెగిపోయింది. ముత్తక్క నోరు అలాగే తెరుచుకుని ఉంది. "ఆపినవేందే... మంచిగ ఏడుస్తున్నవు... ఇంకొంచెం... ఏడువు... ఇందాం" అంది నాయినమ్మ. ఆ తర్వాత వాకిలంతా ఒకటే నవ్వులు, ముత్తక్క ఆమెను తిట్టిన తిట్లు దోర్లిలో సగం, తెలుగులో సగం. తెచ్చిన గటకా పప్పూ అందరం కలిసి అక్కడే తిన్నాం. తన చావుకూడు తనే తిన్న మనిషిని నేను ఆమెనొక్కదాన్నే చూశాను. ఇష్టంగా తింది కూడా.

నిప్పు ముత్తక్క ఇంటినుంచే వచ్చింది, పెంకు మీద. పాకకు గోడలు లేవు, పొగ ఎటుపడితే అటు పోయేది. ఇక విత్తనాల మాట. అది మా నాయిన దిగులు. ముత్తక్క ఒక్క మాటలో తేల్చేసింది. "మా అటక మీద జాగా లేదా? పట్టుకరాండ్రి." మా కంకులూ గింజలూ గంపల్లో వాళ్లింటికి నడిచాయి. తొలకరిలో తెచ్చుకునేటప్పుడు ఏ గంప ఎవరిదో కలిసిపోయి, వాళ్ల అనపగింజలు మా చేలో మొలిచాయి, మా దోస వాళ్ల చేలో పాకింది. ఎవరూ పట్టించుకోలేదు.

దమ్ము పోయిందని చెప్పను, పాడైన ఊపిరితిత్తులు బాగుపడవని ఇప్పుడు నాకు బాగా తెలుసు. కానీ ఆమె మాటల ముక్కలు కొంచెం పొడుగయ్యాయి. ఊదుగొట్టం నా చేతికిచ్చి, తను దూరంగా గాలివాటం చూసుకుని కూర్చుని నేను ఊదే తీరుకు వంకలు పెట్టేది. నా పెళ్లి చూసింది. మా ఆయన్ను ఆ ఊళ్లోనే ఉంచుకుని వ్యవసాయం చేయించాలని చూసింది గానీ అది కుదరలేదు. చిన్నాయిన మద్దేడు మాట ఎత్తలేదు, ఆమె ఉన్నన్నాళ్లూ. తర్వాత ఎత్తాడు, ఇల్లు వేరైంది. వాళ్లు వాటాలు మార్చుకోగా చివరికి ఆ పాతిల్లే చిన్నాయినకు దక్కింది. ఒక్క పొయ్యి ఇంటిని శాశ్వతంగా పట్టి ఉంచుతుందా? ఉంచదు. అది ఆమెకూ తెలిసే ఉంటుంది.

నేను మాత్రం ఆ గొట్టంతో మొదలుపెట్టి మా అత్తగారింట్లోనూ ఇలాగే పొయ్యి ముందు ముఖం పెట్టి, మళ్లీ కిటికీ లేని గదిలో, కొడుకు చదువుకుని గ్యాసుపొయ్యి కొనేదాకా ఊదాను. ఒకసారి కాన్పుకు పుట్టింటికి తెచ్చి పాకలో మర్చిపోయి, అత్తగారింట్లో ఇంకో గొట్టం కొనుక్కున్నాను. పొగ సంగతి తెలిసిన దాన్ని నేనే ఎందుకు ఊదానంటారా? వండకపోతే తినేదెలా? సుజాత ఈ మాట రాసుకుంటానంది, రాసుకో అన్నాను. ఇప్పుడు మా అబ్బాయి ఇంట్లో పొగ లేదు, పక్కింట్లో లేదు, ఎదురింట్లోనూ లేదు. మంచిదే, నా కోడలు దగ్గకుండా ముసలిదవుతుంది. అలాంటి పొగ మళ్లీ రావాలని నేను ఛస్తే అనను. కానీ కిటికీ దాకా వెళ్లి నిలబడితే ఎదురింటి ముసలాయన ఉన్నాడో పోయాడో తెలియదు. నేను పోయినా ఆయనకు తెలియదు. కూర్చోలేక తిరిగేది ఇందుకే కాబోలు. కిటికీలో కదులుతూ కనబడాలని.

నాయినమ్మ పోయింది నేను పుట్టింటికి వచ్చి ఉన్నప్పుడు, వాన వెలిసిన ఒక ఉదయం, వాకిట్లోనే, రోలు మీద తల ఆనించి. నేను జావ తెచ్చి చూస్తే ఈల లేదు. ఈసారి పరుగెత్తలేదు, పక్కన కూర్చున్నాను. ఆశ్చర్యం, కూర్చోగలిగాను. నాయిన, చిన్నాయిన వచ్చారు. అలవాటు కొద్దీ మా చిన్నమ్మ చెంబు పట్టుకుని పాక వైపు కదిలింది, పొయ్యి ఆర్పడానికి. చిన్నాయిన ఆ చెంబు అందుకుని కింద పెట్టి, పొయ్యిలోకి పెద్ద ఇప్పమొద్దు ఒకటి తోశాడు. "ఆమెది ఎప్పుడో అయిపోయింది" అన్నాడు. నేను ఊదాను. పొగ నిటారుగా లేచింది.

అందుకే ఊళ్లో ఎవరూ రాలేదు. నేనే ఇల్లిల్లూ తిరిగి చెప్పాల్సి వచ్చింది. మొదట ముత్తక్క దగ్గరికి వెళ్లాను. ఆమె గడపలో కూర్చుని వెదురు చీలుస్తోంది. నాయినమ్మ పోయింది అన్నాను. ఆమె నా ముఖం చూడలేదు. నా భుజం మీదుగా మా ఇంటి వైపు చూసి, చెయ్యి ఆపకుండా నవ్వింది.

"నాకు తెల్వదా మీ ముసల్దాని సంగతి? ఒకపారి ఏడిపిచ్చింది సాలు. పో, పోయి చెప్పు, ఈపాలి నేను రాను. పొగ లేస్తాంది గద పోరీ."